నష్టం తగలనివాళ్లం

వాదనకు దిగేముందు మాటకు అర్థం చెప్పాలని కాలేజీ డిబేట్‌లో మాకు మొదట నేర్పారు. ఒకసారి నా వంతుకు ‘ఇండెమ్నిఫై’ అనే క్రియ వచ్చింది. నష్టపరిహారం చెల్లించడమని తెలుగులో సరిపెట్టుకుంటాం. దాని మూలం లాటిన్‌లో ఉంది: ‘డామ్నం’ అంటే నష్టం, ‘ఇండెమ్నిస్’ అంటే నష్టం తగలనివాడు. డబ్బు చేతిలో పెడితే సరిపోదు, నష్టపోయిన మనిషిని అసలు నష్టమే తగలనివాడిలా నిలబెట్టాలి. ఆ నిర్వచనంతోనే పోటీ గెలిచాను.

ఆ ఏడే తుఫానుకు పొదిలి దగ్గర మా మిరప చేను ఉరకెత్తింది. నీళ్లు నిలిచి, కాయల బరువుతో వంగిన మొక్కలు నిలువునా వాడిపోయాయి. మా చేను అన్నాను గాని, దున్నిందీ మందు కొట్టిందీ పెట్టుబడికి అప్పు తెచ్చిందీ దాన్ని కౌలుకు చేసే ముస్లిం రైతు. నాన్నను అన్నా అని పిలుస్తాడు గనుక నాకు బాబాయి. పొలం పాసుపుస్తకం నాన్న పేరున ఉంది గనుక పరిహారం నాన్న ఖాతాలో పడింది.

"బాబాయికి ఇచ్చావా నాన్నా?"

"ఇచ్చినట్టే. కౌలు బాకీలో జమ కట్టుకున్నా."

"పంటే లేనప్పుడు కౌలేంటి?"

"ఒప్పుకున్నాక ఇవ్వాలిగా. నీ కప్పులూ షీల్డులూ పొలం గట్టు మీద చెల్లవమ్మా. పోయి అన్నం తిను."

బాబాయి నష్టానికని వచ్చిన డబ్బు మా కౌలును పూడ్చింది. నష్టం తగలనివాళ్లం మేమయ్యాం. నా నిర్వచనం అక్షరాలా నెరవేరింది, మనిషే మారాడు.

మర్నాడు చేనుకు వెళ్లాను. బాబాయి ఎండిన మిరప మోళ్లు పీకి గట్టున పడేస్తున్నాడు. కౌలు కార్డు మీద నాన్నతో సంతకం పెట్టిస్తాననీ, అది ఉంటే పరిహారం నేరుగా ఆయనకే వస్తుందనీ చెప్పాను.

"నువ్వడిగితే పెడతాడు తల్లీ. వచ్చే ఏడు చేను ఇంకొకడికిస్తాడు. అప్పుడు ఆ కార్డు ఎక్కడ నాటుకోను?"

"అన్యాయం కదా బాబాయ్?"

"అన్యాయమే. గట్టిగా అనమాకు, పక్క చేలో మనుషులున్నారు."

ఎండలు తగ్గాక, కొత్త ఏటి కౌలు మాట్లాడుకోవడానికి బాబాయి మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. కౌలు అంతే ఉంచుదామన్నాడు నాన్న. బాబాయి తలూపాడు. ఈసారీ కాగితం లేదు. నాన్న నావైపు చూశాడు. బాబాయి నేలకేసి చూస్తున్నాడు. అడగవలసిన ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన చేను పోతుంది.

మంచినీళ్లు తెస్తానని లేచి లోపలికి వెళ్లాను.