మామగారి పొగడ్త

మా ఆపరేషన్ థియేటర్‌లో పేరొస్తే సర్జన్‌కి, మాటొస్తే మత్తు డాక్టరమ్మకి. పేషెంట్లు కళ్ళు తెరవగానే దండం పెట్టేది సర్జన్‌కే. ఆ కళ్ళు తెరిపించింది ఎవరో వాళ్ళకి పట్టదు. ఆ అన్యాయం చూసి నర్సునైన నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

"నిద్రపుచ్చడం ఎవరైనా చేస్తారు. లేపడంలోనే ఉందంతా" అంటుంది.

ఆవిడ మందులు కలిపి ఇచ్చే తీరు చూడాలి. ఒకటి నిద్రకి, ఒకటి నొప్పి తెలియకుండా, ఇంకొకటి కండరాలు వదులవడానికి. నిద్రమందూ నొప్పిమందూ జట్టు కడితే ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి. అందుకే రెండూ తగ్గించి, మనిషి ఊపిరి చూసుకుంటూ కొంచెం కొంచెంగా ఎక్కిస్తుంది. అంతకుముందు పేషెంటు పక్కన కూర్చుని కబుర్లలో పెట్టి, ఏం తిన్నారో, ఏ మాత్రలు వేసుకున్నారో కూపీ లాగేస్తుంది.

అలాంటి మనిషికి సొంత మామగారి హెర్నియా ఆపరేషన్ వచ్చిపడింది. ఆయన కోడలు ఏం చేసినా వంక పెట్టే రకం. "సూది గుచ్చి కూర్చోడానికి అంత చదువెందుకో!" అని చుట్టాల ముందే అనేవాడు. ఇంట్లోవాళ్ళకి తను మత్తు ఇవ్వనని, వేరే డాక్టర్ని పిలుస్తానని ఆవిడ ఎంత మొత్తుకున్నా, పరాయివాళ్ళ చేతిలో నిద్రపోనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఆపరేషన్ రోజు ఉదయం ఆయన్ని స్ట్రెచర్ మీద తెచ్చారు.

"ఎలా ఉన్నారు మామయ్యగారూ?"

ఆయన నవ్వి కోడలి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు బంగారానివమ్మా. నీలాంటి కోడలు దొరకడం నా అదృష్టం."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ మొహం మాత్రం పాలిపోయింది. చేతిలో సిరంజి ట్రేలో పెట్టేసింది.

"ఈయన ఏదో మింగారు. ఆపరేషన్ ఆపండి."

"పొగిడితే ఆపేస్తారా?" అన్నాడు సర్జన్ చిరాగ్గా.

"నా పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క మంచిమాట అనలేదండీ!"

బయట బెంచీ మీద అత్తగారు చీర కొంగు నలుపుకుంటూ కూర్చుంది. కోడలు గట్టిగా అడిగేసరికి బయటపెట్టేసింది.

"లోపల అందరిముందూ నిన్ను తిడతారేమోనని నా నిద్రమాత్ర ఒకటి వేశానమ్మా. అయినా తిట్టడం ఆపలేదు. ఇంకోటి వేశాను."

"మొత్తం ఎన్ని వేశావత్తయ్యా?"

"ఆపేదాకా."

ఆవిడ గోడకి ఆనుకుంది. "వాటి మీద నా మందులు కూడా పడుంటే ఊపిరి నిలిచిపోయేది అత్తయ్యా. నా చేతుల్లోనే."

ఆ రోజంతా ఆయన మంచం పక్కనే కాపలా కాశాం. వార్డుబాయ్ నుంచి ఆక్సిజన్ సిలిండర్ దాకా అందర్నీ, అన్నింటినీ మెచ్చుకుంటూ పడుకున్నాడు.

మాత్రలన్నీ ఒంట్లోంచి దిగాక, తర్వాతి వారం ఆపరేషన్ జరిగింది. మత్తు ఆపేశాక ఆవిడ వంగి పిలిచింది. "మామయ్యగారూ!" ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచింది.

ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఇంతసేపా లేపడానికి? చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని నాతో అంది. "అత్తయ్యకి చెప్పు. పూర్తిగా లేచారని."