తెడ్డు దూరం

కిట్వే రాగిగనిలో పనిచేసే కపెంబ్వాకు షిఫ్టు వారం వారం మారుతుంది. అతని ఒళ్లు మాత్రం మారనంటుంది. మిట్టమధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద చూస్తే వాంతి, అర్ధరాత్రి రాతి కింద ఆకలి. వేళకు తిని వేళకు పడుకోమంటాడు డాక్టరు. ఏ వేళకో చెప్పడు. రాత్రి షిఫ్టు వారాల్లో కిటికీకి దుప్పటి కట్టి పగలంతా పడుకుంటాడు, నిద్రలో పళ్లు కొరుకుతాడు. ముట్టుకుని లేపితే చాలు, కొట్టేస్తాడు. అందుకే ఆ గనికార్మికుల వాడలో ఆడవాళ్లందరిలాగే భార్య ఎన్గోసా గుమ్మంలోనే నిలబడి, ముద్ద కెలికే పొడవాటి తెడ్డుతో అతని పాదం పొడుస్తుంది: "లేవయ్యా మహానుభావా, గని కూలింది!"

నిన్న ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు ఐదేళ్ల కూతురు ముసొండా మంచమెక్కి నాన్న మెడ కౌగిలించుకుంది. అతను కళ్లు తెరిచేసరికి పిల్ల గోడవారన పడి ఉంది, నోరంతా రక్తం. "ఎవరు కొట్టారమ్మా?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

ఇవాళ షిఫ్టు దిగి వస్తూనే బకెట్ తాడు తెచ్చి చేతులు చాపాడు.

"మేకవా నువ్వు, కట్టేయడానికి?" అంది ఎన్గోసా.

"గట్టిగా కట్టవే."

కట్టింది. సాయంత్రం "నాన్న చేతులు కట్టేసే ఉన్నాయి, వెళ్లి లేపు" అని పిల్లను పంపింది. ముసొండా గుమ్మం దాటలేదు. వాచిన పెదవి బిగించి, రెండు చేతులా తెడ్డు ఎత్తి నాన్న పాదం వైపు చాపింది.