మేక నీళ్ళు తాగేదాకా

మా సీనియర్ గారు నిద్రలోనే పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. ఆత్మకూరు కోర్టులో నాకు వకీలు పని నేర్పింది ఆయనే. ఇప్పటికీ ఫైలు తెరవగానే నా చూపు ఆయన కుర్చీ వైపే పోతోంది.

ఉదయగిరి, మర్రిపాడు వైపు నుంచి కక్షిదారులు ఎంత కోపంతో వచ్చినా ఆయనది ఒకటే పద్ధతి. "నీ సంగతి తర్వాత. అవతలోడు ఏమంటాడో ముందు వాడి తరఫున చెప్పు" అనేవారు. కొందరు అలిగి లేచిపోయేవారు. "పోనీలే అమ్మాయ్, కోపం చల్లారితే వాడే వస్తాడు" అని నాకు టీ తెప్పించేవారు. చాలామంది నిజంగానే తిరిగొచ్చేవారు.

ఒకసారి మర్రిపాడు దగ్గరి పల్లె నుంచి మేకలు కాసే అవ్వ వచ్చింది. ఊరి పక్కన ప్రభుత్వ స్థలంలో అధికారులు మొక్కలు నాటి, చుట్టూ కంచె వేశారు. దాంతో మేకలు కుంటకు పోయే దారి మూసుకుపోయింది. దగ్గర్లో వేరే నీళ్ళు లేవు. ఇక మందను అమ్ముకోవడమే మిగిలింది.

"సర్కారోళ్ళ తరఫున చెప్పవ్వా" అన్నారు సీనియర్ గారు.

"వాళ్ళ తరఫున నేనేంది చెప్పేది!" అని అవ్వ మండిపడింది. కాసేపటికి తనే మెత్తబడింది. "వాళ్ళ తప్పు మాత్రం ఏముండాదిలే సామీ. కంచె లేకపోతే నా మేకలు ఒక్క మొక్కనన్నా మిగలనిస్తాయా?"

నేనైతే కంచె పీకెయ్యమని దావా వేసేదాన్ని. ఆయన అవ్వ మాటే పట్టుకున్నారు. మొక్కలకు కంచె ఉండనిచ్చి, మధ్యలో మేకలు పోయేందుకు ఇరుపక్కలా కంచెతో ఒక సందు విడవమని అడిగారు. కోర్టు ఒప్పుకుంది.

ఉత్తర్వు వచ్చింది గానీ దారి రాలేదు. ఆయన పనిగట్టుకుని మండల ఆఫీసుకు వెళ్ళి కూర్చునేవారు. గెలిచాక కూడా ఈ తిరుగుడేమిటని నేను చిరాకుపడ్డాను. "కోర్టు చెప్తాది, చేయాల్సింది సర్కారు. మేక నీళ్ళు తాగేదాకా మన కేసు అయిపోలేదమ్మాయ్" అన్నారు.

చివరికి అక్కడి అధికారి విసుక్కున్నారు. "మా మీద గెలిచినారు గదా, ఇంకేంది?"

"మీ మీద గెలవలేదు సార్. మీ సర్కారు చేసిన చట్టాన్నే మీకు గుర్తు చేసినాను" అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఆ వారమే మనుషులొచ్చి సందు తీశారు.

ఆయన సొంతూరు మర్రిపాడు దాటాక. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆయన శవపెట్టెను వ్యాన్‌లో పెట్టుకుని అక్కడికి బయలుదేరాం. ఆ పల్లె దగ్గర మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవర్ హారన్ మోగించాడు. అవ్వ కర్ర అడ్డం పెట్టి నిలబడింది. వ్యాన్‌లో ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు.

"కాసేపు ఆగు నాయనా! ఇది మా దారి. కోర్టు ఇచ్చినాది!" అని గట్టిగా కేకేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. "ఇంజన్ ఆపెయ్" అన్నాను డ్రైవర్‌తో. మేకలు తీరిగ్గా రోడ్డు దాటి, అవతల కంచెల మధ్య సందులోకి దిగాయి. చిట్టచివరి పిల్ల కూడా లోపలికి పోయేదాకా, ఆయనా మేమూ అక్కడే ఆగాం.