మండువాలో వాన

భవానీపురంలో మా అపార్ట్‌మెంటు కింద బళ్ళు పెట్టుకునే చోట ఈ మధ్యే రేకులు వేశారు. నిన్న వాన మొదలవగానే వాటి మీద ఒకటే చప్పుడు. మా ఆయన హాయిగా ఉందన్నారు. నాకు మాత్రం కాదు. రాజేశ్వరమ్మ మామ్మగారి మండువాలో వాన పడటం ఆగిపోయిన రోజున కూడా ఇదే చప్పుడు విన్నాను.

చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో, ఆవిడ ఇంటి పక్కవాటాలో మేము అద్దెకుండేవాళ్ళం. నాన్న అక్కడి బడిలో మాస్టారు. ఆ ఇల్లు మామ్మగారి మామగారి తాతగారు కట్టించారట. రంగూన్ టేకు బందరు రేవులో దించి, పడవల మీద కాలవ వెంట తెప్పించారట. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా. వాన పడితే నాలుగు మూలల నుంచీ నీళ్ళు ధార కట్టి గంగాళాల్లోకి దూకేవి. ఉప్పెన వచ్చిన ఏడు సముద్రపు వైపు నుంచి చేపలు పట్టేవాళ్ళ కుటుంబాలు వచ్చి ఆ మండువా చుట్టూనే తలదాచుకున్నాయని మామ్మగారు చెప్పేవారు.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే పిల్లను కాను. అయినదానికీ కానిదానికీ రుసరుసలాడేదాన్ని. వాన వస్తే మామ్మగారు చేతిలో పని పక్కనపెట్టి నన్ను స్తంభం దగ్గర కూర్చోబెట్టుకునేవారు. మాట్లాడకూడదు, చూడాలి, అంతే. ఇల్లంతా తడిసి చస్తోంది, పైన రేకు వేయించుకోవచ్చుగా అని ఒకసారి విసుక్కున్నాను.

“ఇంటికొచ్చిన వానని గుమ్మంలోంచే పంపేస్తామా అమ్మాయ్? కూర్చో,” అన్నారు.

కూర్చున్నాను. తరవాత నాకు అబ్బిన చదువైనా, ఉద్యోగంలో ఓర్పైనా ఆ కూర్చోవడంలోంచి వచ్చినవే.

ఆవిడకు పిల్లల్లేరు. ఒంట్లో ఓపిక తగ్గాక, పాత ఇళ్ళను కాపాడే ఒక సంస్థకు ఇల్లు రాసిచ్చేసి మంగళగిరిలో చెల్లెలి దగ్గరికి చేరారు. మండువా మాత్రం మూయవద్దని ఒక్కటే కోరారు. వాళ్ళు తలలూపారు.

బాగుచేసిన ఇంటిని జనానికి తెరిచే రోజున ఆవిడను నేనే తీసుకెళ్ళాను. స్తంభాలు నిగనిగలాడుతున్నాయి. మండువా మీద అద్దం లాంటి రేకు. వాన దాని మీద దబదబా కొడుతోంది. కింద నేల పొడిగా ఉంది.

“ఇక చుక్క నీరు పడదండీ. కలపకి వందేళ్ళు ఢోకా లేదు,” అన్నాడు సంస్థ పెద్ద సంబరంగా. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“సంతోషమండీ,” అన్నారు ఆయనతో. చూడవచ్చినవాళ్ళ కోసం కట్టిన తాడుకు ఇవతలే నిలబడి చాలాసేపు పైకి చూశారు.

కారెక్కాక మెల్లగా అన్నారు. “ఇల్లు బాగుంది. మనం ఇక రావద్దులే అమ్మాయ్.”

ఆ సంస్థ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. కలప కుళ్ళకుండా ఉండాలంటే కప్పు తప్పదన్నారు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. అందుకే పోట్లాడటానికి కూడా నాకేమీ మిగల్లేదు. మళ్ళీ తొలకరి రాకముందే మామ్మగారు పోయారు. ఇల్లు మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరెవరో ఫోటోలు పెడుతుంటారు, నేను చూడను.

ఆవిడ ఇచ్చిన చిన్న ఇత్తడి గిన్నె నా దగ్గరుంది. వాన వస్తే దాన్ని బాల్కనీలో పెట్టి పక్కన కూర్చుంటాను. నిన్నా అంతే. పైవాళ్ళ బాల్కనీ అడ్డమని తెలుసు. వాన వెలిసేసరికి గిన్నె పొడిగానే ఉంది.