అవ్వ కాలు, బాపు నడుము

కరీంనగర్‌లో మా వీధి మొదట్లో ఈ మధ్య ఒక ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టారు. మా వయసువాళ్ళం మాత్రం దాన్ని కసరత్తుల దవాఖాన అనే అంటాం. రోడ్డు వైపు గోడంతా అద్దమే కాబట్టి, లోపల ఎవరు కాళ్ళెత్తుతున్నారో, ఎవరు మూలుగుతున్నారో ఆటో కోసం నిలబడ్డవాళ్ళందరికీ కనబడుతుంది. నడుము నొప్పితో మొన్న నేనూ వెళ్ళక తప్పలేదు. కూతురి వయసున్న డాక్టరమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, నడుము మెల్లగా పైకి లేపమంది. లేపబోయి ఆగి, తెర ఏదన్నా ఉంటే వేయమన్నాను. ఎవరు చూస్తారమ్మా అని ఆ పిల్ల నవ్వేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపం చాలా పాతదని, ఆ పిల్లకు దానితో ఏ సంబంధమూ లేదని ఇల్లు చేరాక గానీ తట్టలేదు.

ఎనభయ్యవ దశకంలో మేము మందమర్రిలో, కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో ఫిల్లర్. భూమి లోపల పేల్చిన బొగ్గును చెమ్మాస్‌తో, అంటే వెడల్పాటి పారతో, తట్టకెత్తుకుని, పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపడం ఆయన పని. ఆ పనిలో నడుము పట్టనివాడు లేడు, పట్టినవాళ్ళు దవాఖాన కంటే ముందు మా వాకిట్లోకే వచ్చేవారు, ఎందుకంటే మా అవ్వ, అంటే అమ్మ, ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళ కాలు తాకితే పట్టిన నడుము వదులుతుందన్న నమ్మకం సంగతి మన తరం వాళ్ళకు కొత్తగా చెప్పాలా! షిఫ్టు దిగినవాళ్ళు బొగ్గు మొహాలతోనే వచ్చి బోర్లా పడుకునేవారు. అవ్వ కొంగు దోపుకుని ఎడమకాలి మడమను నడుము మీద మెల్లగా తాకించేది, పెద్దవాళ్ళయితే కాలు తగిలినందుకు వంగి దండం కూడా పెట్టేది. వాళ్ళకు నిజంగా తగ్గేదో, తగ్గిందనుకునేవారో నాకు తెలియదు గానీ, ఆ కాలికి పసుపు రాసుకునేటప్పుడు మాత్రం అవ్వ మొహంలో కొంచెం గర్వం కనబడేది.

పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న మాట మా ఇంట్లో అక్షరాలా నిజమైంది. బాపు నడుము పట్టినప్పుడు కాలనీ అంతటికీ పనికొచ్చిన కాలు ఆయనకు పనికిరాలేదు. భార్య కాలు మొగునికి తాకడమా, ఇంకేమైనా ఉందా! నిద్రలో పొరపాటున తగిలినా లేచి కళ్ళకద్దుకునే మనిషి మా అవ్వ. బాపు గోడ పట్టుకుని లేస్తుంటే చూడలేక, వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద విసుక్కునేది.

ఆ నొప్పి వెనక ఇంకో భయం ఉండేది. బాపు పనికి అన్‌ఫిట్ అని తేలితే ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. అది అదృష్టమని మా మేనమామ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. అన్న అప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు, పంతులు కావాలని ఆశ. తన తర్వాత తన ఇంట్లోవాళ్ళెవరూ బాయిలో దిగకూడదని బాపు పట్టుదల. ఆ పట్టుదలంతా ఆయన నడుము మీదే నిలబడి ఉందని మా అందరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే అక్కడి దవాఖానకు కసరత్తులు చేయించే డాక్టరు ఒకాయన వచ్చాడు. కోస్తావైపు మనిషి, ఆయన మాట తీరుకు కాలనీ పిల్లలమంతా నవ్వేవాళ్ళం. ఆయన బాపుకు మందు రాయకుండా, చేతికో కర్ర ఇచ్చి బొగ్గు ఎలా ఎత్తుతావో చూపించమన్నాడట. ఎత్తడమంతా కుడివైపే, తిరగడమంతా నడుముతోనే, కాళ్ళకూ పొట్టకూ పనే లేదని తేల్చాడు. పొద్దస్తమానం బొగ్గెత్తేవాడికి మళ్ళీ కసరత్తెందుకని బాపు గొణిగితే, ఆ పని ఒళ్ళును అరగదీస్తుందే గానీ అన్ని వైపులా బలం ఇవ్వదని ఓపిగ్గా చెప్పాడు. వెల్లకిలా పడుకుని నడుము లేపడం, బోర్లా పడుకుని ఛాతీ లేపడం, బరువెత్తేముందు మోకాళ్ళు వంచడం నేర్పాడు. నొప్పి పోయినా మానవద్దని మరీ మరీ చెప్పాడు. పక్క క్వార్టర్ ఆయన బాపును చూసి అవే కసరత్తులు మొదలుపెట్టి మంచమెక్కితే, ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి పడుతుందా అని డాక్టరు కేకలేశాడు. ఆయనకు వేరేవి చెప్పాడు.

బాపు ఛాతీ లేపుతుంటే కాళ్ళు కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. ఆ పని అవ్వది. కాలు తాకించకూడదు గానీ కాళ్ళు పట్టుకోవచ్చు కదా, ఆమె అది పూజ చేసినంత శ్రద్ధగా చేసేది. బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేశాక, తలుపు వేసుకుని, రేడియో పెద్దగా పెట్టి చేసేవాడు. నన్ను వాకిట్లోకి తరిమేవారు. కొన్నాళ్ళకు గోడ పట్టుకోకుండా లేచాడు, తర్వాత నీళ్ళ బిందె ఎత్తాడు. అవ్వ మొహంలో వెలుగు రావడం నేను చూశాను.

కానీ పగటిపూట మూసిన తలుపును కాలనీ ఊరికే వదులుతుందా? మొదట నల్లా దగ్గర ఆడవాళ్ళు మూతులు తిప్పారు, తర్వాత చాయ్ హోటల్లో మగవాళ్ళు అందుకున్నారు.

"ఏం కసరత్తోనే, జర మాకు గూడ నేర్పరాదు" అని ఎవరో అంటే హోటలంతా ఘొల్లుమన్నదట. బాపు ఆ రోజు మొహం ముడుచుకుని వచ్చాడు. నొప్పి పోయింది కదా ఇంకెందుకని చాప చుట్టి మూల పెట్టేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే. అవ్వ బతిమాలింది, కొన్నాళ్ళు అలిగింది కూడా. ఆ హోటల్లో నవ్విన వాళ్ళను ఇప్పటికీ నేను క్షమించలేదు.

ఆ వానాకాలం బాయిలో బొగ్గు టబ్బు పట్టాలు తప్పింది. అందరితోపాటు బాపు కూడా వీపు ఆనించి లేపబోయాడు. టబ్బు లేచింది గానీ బాపు లేవలేదు. తోటివాళ్ళు మంచం మీద మోసుకొచ్చారు. డాక్టర్లు చూసి పడుకోబెట్టమన్నారు, మర్నాడు పనికి పనికొస్తాడో లేదో పరీక్ష చేస్తామన్నారు. మేనమామ ఆ సాయంత్రమే వచ్చి, అన్నకు కబురు పంపుదామని కూర్చున్నాడు. ఆయన బయటికి వెళ్ళగానే బాపు అవ్వను పిలిచి, కాలు తాకించమన్నాడు.

"నా కాలు నీకు తాకితే గా పాపం ఏడ కడుక్కోవాలె?" అని అవ్వ చెవులు మూసుకుంది.

"రేపు పోరడు బాయిల దిగితే గా పాపం ఏడ కడుక్కుందమే?" అన్నాడు బాపు.

అవ్వ తానే వెళ్ళి తలుపు వేసింది. బోర్లా పడుకున్న బాపు నడుము మీద మడమ తాకించి, అక్కడే కూలబడి ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చింది. బాపు మొహం గోడవైపు ఉంది. ఆ గోడ మూలనే నిలబడ్డ నాకు ఆయన పళ్ళు బిగించడం కనబడింది.

"జర అల్కగైందే, ఏడ్వకు" అని నొప్పి తేలికైనట్టే చెప్పాడు.

మర్నాడు పరీక్షకు కూర్చోబెట్టబోతే కూర్చోలేకపోయాడు. అన్న పుస్తకాల పెట్టెతో వచ్చి, కొన్ని నెలలకు బాపు చెమ్మాస్ భుజాన వేసుకుని బాయిలో దిగాడు. బాపు చేతికర్రతో మరికొన్నేళ్ళు బతికాడు, అన్న షిఫ్టుకు బయలుదేరే వేళకు మాత్రం అటు తిరిగి పడుకునేవాడు. ఆ తర్వాత ఎంతమంది వచ్చి వాకిట్లో పడుకున్నా అవ్వ కాలు తాకించలేదు. నా కాలులో ఏం లేదు, ఆ డాక్టరు దగ్గరికి పొండ్రి అని పంపించేసేది.

ఇప్పుడు అన్న రిటైరై, నడుముకు బెల్టు కట్టుకుని, మందమర్రిలోనే ఉంటున్నాడు. నేను క్లినిక్‌కు వెళ్తున్నానని తెలిసినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు.

"చేసినవా చెల్లే? నొప్పి లేదని బంద్ వెట్టకు" అంటాడు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాదు.

ఇప్పుడు ఆ అద్దం గోడ వెనకాల పడుకుని నడుము లేపుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి కూడా చూడరు. చూసినా ఎవరూ నవ్వరు. డాక్టరమ్మ వచ్చి నా పాదాలు పట్టుకున్నప్పుడు అవ్వ చేతులు గుర్తొస్తాయి. మా బాపు ఆ చాప చుట్టకుండా ఉంటే అన్న ఏ బడిలోనో పంతులై ఉండేవాడు కదా అనుకుంటూ, తెర అడగకుండా, ఇంకోసారి నడుము లేపుతాను.