టీచరమ్మ పాదం పట్టుకెళ్ళిన తాత

బూట్లు కుట్టే తాతకి మనుషుల మొహాలు గుర్తుండవు. ఎవరైనా దుకాణంలోకి వచ్చి పలకరిస్తే ముందు కిందికి చూస్తాడు. పాదాలు చూశాకే "ఓహో, మీరా!" అంటాడు. సొంత అల్లుణ్ణి కూడా పెళ్ళయిన ఆరు నెలల దాకా "ఆ ఎడమకాలు వెడల్పబ్బాయి" అనే అన్నాడు. అల్లుడు మంచివాడు కాబట్టి సరిపోయింది.

దుకాణం వెనక గదిలో గోడ నిండా మేకులు. ఒక్కో మేకుకి ఒక జత చెక్క పాదాలు. బూట్లు కుట్టించుకునే ప్రతి మనిషికీ తాత వాళ్ళ కొలతకి చెక్కతో పాదం అచ్చు చెక్కుతాడు. దాని మీదే తోలు బిగించి కుడతాడు. వయసు మీద పడి పాదం మారితే కొత్త అచ్చు చెక్కడు. పాత అచ్చుకే పెరిగినచోట చిన్న తోలు ముక్క అతికించి ఊరుకుంటాడు. మనిషి పోయినా అచ్చు మాత్రం గోడ దిగదు. "ఉండనీ, గోడకేం బరువా?" అంటాడు.

తాత భార్య, అదే అమ్మమ్మ, పోయి మూడేళ్ళు. దుకాణం ఉన్న వీధివాళ్ళంతా ఏటా, ఏడాది చివరి సెలవుల్లో, గ్రంథాలయం మేడ మీది హాల్లో ఒక సాయంత్రం కలుస్తారు. తమ ఇళ్ళలో పోయినవాళ్ళ వస్తువు ఏదో ఒకటి తెచ్చి, అందరికీ చూపించి, నాలుగు మాటలు చెప్పుకుంటారు. తాత గడిచిన రెండేళ్ళూ లేచి నిలబడ్డాడు. రెండేళ్ళూ నీళ్ళు నమిలి కూర్చున్నాడు. మొదటి ఏడు దగ్గొచ్చిందన్నాడు. రెండో ఏడు కూడా ఆ దగ్గే వచ్చింది.

పోయినసారి మెట్లు దిగుతుంటే, వీధిలోకి కొత్తగా వచ్చినావిడ వెనక నుంచి "పాపం, ఆయన భార్య ఎలాంటి మనిషో!" అనడం వినబడింది. ఆ మాట ఏడాది పొడుగునా తాతని పొడుస్తూనే ఉంది. నలభై రెండేళ్ళు కాపురం చేసినవాడే నోరు విప్పకపోతే ఇక ఆవిడ గురించి చెప్పేదెవరు?

"ఈసారి కూడా దగ్గావంటే నీతో మాట్లాడను నాన్నా," అంది కూతురు.

"ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

"నాన్నా!"

"సరేలేమ్మా, చెప్తాను. ఫొటో తీసుకెళ్ళనా?"

"వద్దు. ఆ ఫొటోలో అమ్మ ఎవరినో తిట్టబోతున్నట్టుంటుంది."

"నన్నే. తీసింది నేనేగా."

ఫొటో మానేసి, అమ్మమ్మ కుడి పాదం అచ్చు తీసుకెళ్దామనుకున్నాడు. బయల్దేరే కంగారులో కళ్ళజోడు కుట్టు మిషన్ మీదే వదిలేశాడు. వెనక గదిలో మేకులు తడుముకుంటూ వెళ్ళి, ఒక అచ్చు తీసి సంచిలో వేసుకున్నాడు.

హాల్లో ముప్పై మంది ఉన్నారు. తన వంతు రాగానే తాత లేచాడు. అచ్చు పైకెత్తి, "ఇది మా ఆవిడ పాదం," అన్నాడు. అంతే. దగ్గు తయారుగా ఉంది. ధైర్యం కోసం బొటనవేలి పక్కనుండే తోలు ముక్కని వేలితో తడిమాడు. అక్కడ లేదు. చిటికెనవేలి పక్కనుంది.

ఆ ముక్క ఎవరి అచ్చుదో తాతకి తెలిసిపోయింది. ముందు వరసలో కూర్చున్న రిటైరైన టీచరమ్మ వైపు చూశాడు.

"టీచరమ్మా... ఇది మీదండీ."

టీచరమ్మ అచ్చుని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, నన్ను కూడా పంపించేశావా? ఇంకా కాఫీ అయినా తాగలేదు నేను!"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే టీచరమ్మే ఎక్కువ నవ్వింది. తాతకి కూడా నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే మాట బయటికొచ్చేసింది.

"మా ఆవిడుంటే ఇప్పుడు నన్ను ఏకి పారేసేది. 'కట్టుకున్నదాని కాలు కూడా గుర్తుపట్టలేవా' అని. ఎందుకు గుర్తులేదూ! బొటనవేలి పక్క ఎముక పెరిగింది. నేను తోలు ముక్క అతికించినప్పుడల్లా 'నా కాలు బాగానే ఉంది, నీ కొలతే తప్పు' అనేది. ఒకదాని మీద ఒకటి ఏడు ముక్కలు అతికించానండీ, ఒక్కసారీ ఒప్పుకోలేదు. కొత్త బూట్లు ఇస్తే దుకాణంలో మూడుసార్లు అటూ ఇటూ నడిచి, 'పర్వాలేదు' అనేది. ఆ ఒక్క మాట కోసం కుట్టింది విప్పి మళ్ళీ కుట్టేవాణ్ణి."

"ఎలా నడిచేదండీ?" అని అడిగింది కొత్తగా వచ్చినావిడ.

తాత నడిచి చూపించాడు. రైలు తప్పిపోతోందన్నట్టు టకటకా పొట్టి అడుగులు, మెడ మాత్రం మహారాణిలా నిటారుగా. కూతురు నవ్వలేక నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ నడకే అది!" అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మందుల షాపాయన, అమ్మమ్మ తనతో మాత్రల రంగు మీద పెట్టుకున్న గొడవ చెప్పాడు. ఎదురింటావిడ ఇంకోటి చెప్పింది. నాలుగు మాటలకని లేచిన తాత అరగంటయినా కూర్చోలేదు.

అందరూ మెట్లు దిగారు. వీధి మలుపు దాకా వచ్చాక తాత ఉన్నట్టుండి ఆగాడు.

"అయ్యో, గొడుగు సంగతి చెప్పనేలేదు!"

"వచ్చే ఏడు చెబుదువుగానిలే నాన్నా."

వింటేగా! గబగబా వెనక్కి వెళ్ళేసరికి గ్రంథాలయం ఆయన తలుపుకి తాళం వేస్తున్నాడు. తాత ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడి, "ఒక్క నిమిషం బాబూ, మా ఆవిడ ఒకసారి గొడుగు పట్టుకుని..." అని మొదలుపెట్టాడు.

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని పక్కనే కూర్చున్నాడు.