రెండు కుర్సీలు

ఆటు వేళ బహ్రెయిన్‌లోని ఈ అరాద్ ఒడ్డున నీళ్ళు వెనక్కి తగ్గి, నాచు వాసన గుప్పుమంటుంది. ఈ శుక్రవారం ఆ గట్టు మీద కూర్చుని ఫోనులో శ్రీలంక హోటళ్ళ ఫొటోలు చూస్తున్నాను. మంచం, స్నానాల గది, కిటికీ, అన్నీ వదిలేసి నా కళ్ళు కుర్చీల కోసం వెతుకుతున్నాయి. ఈ జబ్బు నాకు అంటించినవాడు రాజన్న.

రాజన్న మా క్యాంపులో టైల్స్ మేస్త్రి. జగిత్యాల వైపు మనిషి. నేను బహ్రెయిన్‌కు వచ్చిన కొత్తలో పని నేర్పింది ఆయనే. చేతకానివాణ్ణి కూడా తిట్టేవాడు కాదు. ఎవరు ఏమడిగినా కాదనేవాడూ కాదు. ఆ మెతకదనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అలాంటివాడు ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"తమ్మీ, ఈసారి సెలవుల మీ వదినను లంకకు తీస్కపోత. ఆడ సముద్రం పక్కపొంటి రైలు పోతదట."

గదిలో నవ్వులే నవ్వులు. "సీతమ్మనంటే రావణుడు ఎత్తుకపోయిండు, మా వదినను నువ్వే తీస్కపోతవా?" అన్నాడొకడు. రాజన్న కూడా నవ్వాడు. మన దేశంలోనే సముద్రం లేదా అని నేనడిగితే, "యాడికి వోయినా మనోళ్ళు ఒకలుంటరు. ఇంటికి రమ్మంటరు. మల్ల ఆమె వంటింట్లకే" అన్నాడు.

హోటల్ వెతకడం నా పని. స్టేషనుకు దగ్గరగా, సముద్రానికి ఎదురుగా మంచి మంచివి చూపించాను. ఒక్కటీ నచ్చలేదు. చివరికి విసుక్కుంటే నెమ్మదిగా చెప్పాడు.

"వసారాల రెండు కుర్సీలుండాలె తమ్మీ. నేను ఈడికెంచి ఇంటికి వోతే ఇల్లంత మందే. ఒకలకు చాయ్, ఒకలకు బువ్వ. మీ వదిన కూసున్నది నేను సూడనే లేదు. రైల్లనన్న కూసోక తప్పది గద!"

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి ఆ మాట అంటే నా విసుగంతా దిగిపోయింది. రెండు కుర్చీలున్న చిన్న హోటల్ ఒకటి దొరికింది. స్టేషనుకు దూరమే, అయినా అదే ఖాయం చేశాం.

అంతలో కబురు ఊరికి పాకింది. తామూ వస్తామని రాజన్న అక్కాబావలు ఫోను చేశారు. ఇంకేముంది, ఈయన సరేనంటాడు, వదిన అక్కడ కూడా అందరికీ వడ్డిస్తుంది అనుకున్నాను. రాజన్న ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "ఈసారికి మేమిద్దరమే పోతం బావా" అన్నాడు. పైసలు రాంగనే కండ్లు నెత్తికెక్కినయని అక్క తిట్టి, ఆ తర్వాత ఎన్నాళ్ళో మాట్లాడలేదు. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. మాట మాత్రం మార్చుకోలేదు.

సెలవు ముగించుకుని వచ్చాక అడిగాను, వదిన రైల్లో కూర్చుందా అని.

"యాడిది! పిల్లనెత్తుకున్న ఒకామె ఎక్కితే లేశి జాగ ఇచ్చింది. దిగేదాక నిలబడే ఉన్నది" అని పడీ పడీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "హోటల్ల చాయ్ తెచ్చిన పిలగాన్ని సూసి గూడ లేశింది. చెయ్యి వట్టి కూసోబెట్టిన. చాయ్ సల్లారిపోయేదాక ముచ్చట వెట్టినం. ఆమె చిన్నప్పుడు ఈత నేర్చుకున్నదట తమ్మీ. నాకు తెల్వనే తెల్వది."

ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

రాజన్న ఇక్కడి కొలువు ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు సెలవు వంతు నాది. అరాద్ గట్టు మీది నుంచే నా భార్య సరితకు ఫోను చేశాను. హోటల్ దొరికిందన్నాను.

"ఎవలెవలం పోతున్నం?" అంది.

"నువ్వు, నేను."

"మరి నేనాడ ఏం పని జెయ్యాలె?"

"కూసోవాలె" అన్నాను.